ముసుగు అద్దం మీద ఆవిరి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

క్రితం సంచికలో ‘మెట్రో 2033’ అనే వీడియో గేమ్ గురించి అరపేజీ రాసిన పాపానికి, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా దాని మీదే ఉన్నాయి. ఆ అరపేజీ చదవని వారి కోసం నాలుగు మాటలు. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో మొదలైన ఫోర్ ఏ గేమ్స్ అనే సంస్థ తయారు చేయగా 2010 మార్చిలో విడుదలైన ఆట ఇది. అణుయుద్ధంలో మాస్కో నగరం ధ్వంసమైన ఇరవై ఏళ్ల తరువాత, అక్కడి భూగర్భ రైలు స్టేషన్లలో తలదాచుకుని బతుకుతున్న జనం కథ. ద్మిత్రీ గ్లుఖోవ్‌స్కీ రాసిన నవల దీనికి ఆధారం. దీనిని ఫస్ట్ పర్సన్ షూటర్ అంటారు. అంటే ఆడేవారికి కథానాయకుడి బొమ్మ తెర మీద కనిపించదు, అర్త్యోమ్ అనే కుర్రవాడి కళ్లతోనే అంతా చూడాలి, అతని చేతులూ చేతిలోని తుపాకీ మాత్రమే మనకు కనిపిస్తాయి.

ప్రశ్న: ఈ ఆట నెమ్మదిగా నడుస్తుందని, పాతబడిపోయిందని నా హాస్టల్ మిత్రులు అంటున్నారు. మీరేమో మెచ్చుకున్నారు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాడికి ఇందులో ఏముంది సార్?
— ఇంజినీరింగ్ విద్యార్థి, రాయగడ

మీ మిత్రులు అన్నది నిజమే, ఇది నెమ్మదిగా నడిచే ఆట. అయితే ఆ నెమ్మదిలోనే దీని బలం ఉందని నా అభిప్రాయం. ఒక్క సన్నివేశం చెబుతాను. అర్త్యోమ్ సొరంగం నుంచి పైకి, మంచు కప్పిన శిథిల నగరంలోకి వస్తాడు. పైన గాలి విషం కనుక గాలిని వడగట్టే ముసుగు (గ్యాస్ మాస్క్) తగిలించుకోవాలి. ఆ క్షణం నుంచి తెర అంచులన్నీ ముసుగు అద్దపు అంచులైపోతాయి, ఊపిరి చప్పుడు చెవిలోనే వినిపిస్తుంది, అద్దం మీద ఆవిరి పడుతుంది. మణికట్టు గడియారం చూసుకుంటే ఫిల్టర్ ఇంకెంతసేపు పనిచేస్తుందో తెలుస్తుంది. అదే గడియారంలోని చిన్న దీపం మనం వెలుగులో ఉన్నామో, శత్రువు కంటికి ఆనని చీకటిలో ఉన్నామో చెబుతుంది. ఫిల్టర్ అయిపోవస్తున్న కొద్దీ ఊపిరి బరువెక్కుతుంది. ఏదైనా మృగం మొహం మీద పంజా విసిరితే అద్దం బీటలు వారుతుంది, ఆ బీటల సందుల్లోంచే దారి వెతుక్కుంటూ, చచ్చిపడి ఉన్నవారెవరి మొహానికైనా మంచి ముసుగు ఉందేమోనని శవాలను తడమవలసి వస్తుంది. ఇతర షూటింగ్ ఆటలలో తెర మూలన ఎర్రగీతగానో అంకెగానో కనిపించే ప్రాణం ఇక్కడ మొహం మీద గాజుపలకై కూర్చుంటుంది.

చేతిదీపం సంగతీ అంతే. అది మసకబారినప్పుడు తుపాకీ పక్కన పెట్టి, చేతి పంపులాంటి ఛార్జరు తీసి, కిర్రుకిర్రుమని నొక్కుతూ కూర్చోవాలి. చేయవలసిన పని ఏమిటో మరిచిపోతే నోటు పుస్తకం తీసి చూసుకోవాలి. చీకటిలో అక్షరాలు కనిపించకపోతే లైటర్ వెలిగించి పుస్తకం దగ్గర పెట్టాలి. ఈ లోపల ఆట మన కోసం ఆగదు. మన ఒడిశాలో కోరాపుట్ వైపు వెళ్లేవారికి కొత్తవలస–కిరండూల్ లైను తెలియనిది కాదు. ఆ లైనులో 58 సొరంగాలున్నాయి. రైలు సొరంగంలో దూరగానే పెట్టెలోని పిల్లలంతా ఒక్కసారి కేకలు పెడతారు, వెలుగు రాగానే నవ్వుతారు. ఆ వెలుగు వస్తుందన్న భరోసా తీసేస్తే మిగిలేది ఏదో, ఈ ఆట దానిని చూపించింది.

తుపాకీ పేల్చకుండా గడిచే ఘట్టాలు కూడా ఇందులో ఉత్తమమైనవే. ఖాన్ అనే తోడుదారితో కలిసి నడిచే ఒక సొరంగంలో టార్చి వెలుగు పడినప్పుడు గోడ మీద మనుషుల నీడలు కదులుతాయి, ఆ నీడలకు మనుషులు ఉండరు. శిథిలమైన గ్రంథాలయంలో కాపలా తిరిగే భారీ ఆకారాల ఎదుట పారిపోతే ప్రాణం పోతుంది. కదలకుండా నిలబడి కళ్లలోకి చూస్తూ ఉంటే అవే వెనక్కి తగ్గుతాయి. తుపాకీ చేతికిచ్చిన ఆట, దానిని ఎత్తవద్దని చెప్పి మన నిబ్బరాన్ని పరీక్షించడం ఈ తరహా ఆటలలో అరుదు.

కొనేటట్టయితే 2014లో వచ్చిన రిడక్స్ అనే కొత్త రూపం తీసుకోండి. 2010 నాటి రూపం ఆ రోజుల్లో మంచి మంచి కంప్యూటర్లనే మోకాళ్ల మీద కూర్చోబెట్టింది.

ప్రశ్న: అయ్యా, నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా మనవడు ఈ ఆట ఆడుతూ ‘తాతయ్యా, ఇందులో తూటాలే డబ్బులు’ అన్నాడు. ఖర్చు పెట్టేదీ అదే, కాల్చేదీ అదే అయితే ఆ లెక్క ఎలా కుదురుతుంది?
— పర్లాకిమిడి నుంచి ఒక పాఠకులు

మాస్టారూ, మీ మనవడు ఆటలోని అసలు కీలకాన్ని పట్టుకున్నాడు. అక్కడ తూటాలు రెండు రకాలు. స్టేషన్లలో చేతితో తయారు చేసిన నాసిరకం తూటాలు ఒకటి. యుద్ధానికి ముందు కర్మాగారాలలో తయారై మిగిలిన సైనిక తూటాలు రెండవది. ఇవి కొత్తగా పుట్టవు, గట్టిగా తగులుతాయి, అందుచేత వాటికి నాణేల విలువ వచ్చింది. తుపాకీ కొనాలన్నా, ఉన్న తుపాకీకి మెరుగులు దిద్దించాలన్నా వాటినే లెక్కపెట్టి ఇవ్వాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ తూటాలనే తుపాకీలో నింపి కాల్చవచ్చు, కాలిస్తే చేతిలోని డబ్బు అక్షరాలా పొగై పోతుంది. కొరతగా ఉండి, చెడిపోకుండా నిలిచి, అందరికీ అక్కరకు వచ్చేది ఏదైనా ద్రవ్యంగా చెల్లుతుందని మీరు తరగతిలో చెప్పే ఉంటారు.

మీ ఊరివారికి ఇది ఊహించడం కష్టం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను పర్లాకిమిడిలో మా మేనమామ ఇంట్లో ఉన్నాను. తరువాతి రోజుల్లో కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. వీధి చివర కిరాణా కొట్టులో చిల్లర లేక, మిగిలిన పది రూపాయలకు బదులు రెండు కొవ్వొత్తులు చేతిలో పెట్టాడు. మరునాడు పాలు పోసే ఆమెకు మా అత్తయ్య ఆ కొవ్వొత్తుల్లో ఒకటి ఇవ్వబోతే, ఆమె కాదనకుండా కొంగున కట్టుకుంది. రెండోదానిని రాత్రికి వెలిగించాలా, పొద్దున్న పాలకు దాచాలా అని ఇంట్లో చిన్న వాదన జరిగింది. అర్త్యోమ్ ప్రతి దుకాణం ముందూ చేసే వాదన అదే.

అయితే ఒక లోపం చెప్పాలి. మామూలు స్థాయిలో ఆడితే, మూలమూలలా వెతికే అలవాటున్నవారి సంచిలో సైనిక తూటాలు గుట్టపడతాయి, కొనవలసినది మిగలదు. అప్పుడు ఆ ద్రవ్యం బరువు తేలిపోతుంది. రిడక్స్‌లో ‘సర్వైవల్’ అనే పద్ధతి ఎంచుకుంటే కొరత కొంత నిజమనిపిస్తుంది.

ప్రశ్న: మీ రాత భజనలాగా ఉంది. లోపాలు లేని ఆట ఉంటుందా? ఉన్నవి ఉన్నట్టు చెప్పండి.
— బరంపురం నుంచి ఒక పాఠకుడు

ఒప్పుకుంటున్నాను, అరపేజీలో మెప్పుదలే నిండిపోయింది. ఇప్పుడు రెండో వైపు.

మొదటిది, మనుషులతో జరిగే పోరు. చీకటిలో నక్కి, బల్బులు ఆర్పుకుంటూ, ఒక్కొక్క కాపలావాడినీ దాటుకుంటూ పోయేలా కొన్ని భాగాలను నిర్మించారు. సొరంగాలలోనే పుట్టుకొచ్చిన ఎర్రజెండా వారికీ నాజీ జెండా వారికీ మధ్య సాగే యుద్ధరేఖను ఒక్కరినీ చంపకుండా కూడా దాటవచ్చు. తలంపు గొప్పది. కానీ 2010 నాటి రూపంలో ఒక్కడు మనల్ని చూశాడంటే ఆ చుట్టుపక్కల ఉన్న వాళ్లందరికీ ఆ క్షణంలోనే ఆచూకీ తెలిసిపోయేది. అరగంట ఓపిక ఒక్క అడుగుతో బూడిదలో పోసిన పన్నీరయ్యేది. రిడక్స్‌లో దీనిని బాగా సరిదిద్దారు గాని, ఈసారి తూకం అవతలివైపుకు వాలింది. నాలుగడుగుల దూరంలో బల్బు ఆరిపోయినా కాపలావాడు ‘ఇదేమిటి’ అని గొణుక్కుని ఊరుకుంటాడు.

రెండవది, సేవ్ చేసుకునే వీలు మన చేతిలో లేదు. ఆట తనకు తోచిన చోట గుర్తు పెట్టుకుంటుంది. తక్కువ ఫిల్టర్లతో ఉన్నప్పుడు అది గుర్తు పెట్టుకుందంటే, ఆ తరువాత ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఊపిరాడక చావడమే. మొత్తం ఘట్టాన్ని వెనక్కి తిరిగి ఆడాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మన ఊళ్లలో దీని బాధ రెట్టింపు.

మూడవది అన్నిటికంటే నన్ను నొప్పించింది. చివరి భాగంలో, డీ6 అనే భూగర్భ స్థావరంలో, గోడల నుంచి ఉబ్బి వచ్చి పేలిపోయే జిగురు ముద్దల వంటి జీవులు గుంపులుగా మీద పడతాయి. అంతవరకు ఊపిరినీ తూటానూ లెక్కపెట్టుకుంటూ భయపడినవాడిని, ఈ చోటులో సంతబజారులో బెలూన్లు కాల్చేవాడిగా మార్చారు. నా దృష్టిలో ఈ ఆట బలమంతా చేతుల్లో ఉంది: ముసుగు తుడిచే చేయి, ఛార్జరు నొక్కే చేయి, బిచ్చగాడికి తూటా ఇచ్చే చేయి. ఆ చేతులను మరచిపోయి తుపాకీ గొట్టాన్ని మాత్రమే గుర్తుంచుకున్న ప్రతి చోటా ఇది పదింటిలో ఒకటిగా మిగిలిపోతుంది.

నాలుగవ దానిని లోపమనాలో గుణమనాలో నాకే తేలలేదు. కథకు ముగింపులు రెండు. మీకు ఏది దక్కుతుందో, దారిలో మీరు చేసిన చిన్నచిన్న పనులను బట్టి ఆట రహస్యంగా లెక్కగడుతుంది. బిచ్చమడిగినవారికి తూటా ఇవ్వడం, ఆగి మాటలు వినడం వంటివి. మార్కులు తెర మీద చూపదు; కాసేపు వెలుగు మెరిసి, గుసగుస వినిపిస్తుంది, అంతే. ఒక ఘట్టంలో సాషా అనే పిల్లవాడిని వీపున మోసుకుని తీసుకుపోవాలి. వాడి బరువుకు తుపాకీ గురి ఊగిపోతూ ఉంటుంది. తల్లికి అప్పగించినప్పుడు ఆమె తన దగ్గరున్న తూటాలు ఇవ్వబోతుంది. తీసుకోకుండా ఉంటే మంచి ఖాతాలో పడుతుంది. పుణ్యం చేసినవాడికి లెక్క చూపకపోవడం ధర్మమే, నిజమే; కానీ ఇలాంటి ఖాతా ఒకటుందనే తెలియక, రెండో ముగింపు ఉందని కూడా ఎరుగక ఆట పక్కన పెట్టేసినవారు ఎందరో.

న్యాయానికి ఒక మాట కలపాలి. ఈ వరుసలో రెండవదైన ‘లాస్ట్ లైట్’ తయారవుతున్న రోజుల్లో, దానిని ప్రచురించవలసిన టీహెచ్‌క్యూ సంస్థ 2012 డిసెంబరులో దివాలా తీసింది. ఆ సంస్థకు అధ్యక్షుడుగా పనిచేసిన జేసన్ రూబిన్ 2013లో చెప్పినదాని ప్రకారం, కీవ్ కార్యాలయంలో పనివారు పెళ్లిళ్లలో వేసే మడత కుర్చీలలో మోచేతులు తగులుతుండగా కూర్చుని పనిచేశారు, కరెంటు కోతలు వారికి మామూలు. సొరంగపు చీకటి వారికి ఊహించి రాసినది మాత్రమే కాదేమో. అయినా డబ్బు పెట్టి కొన్నవాడికి జిగురు ముద్దలు జిగురు ముద్దలే.

ప్రశ్న: నేను చంద్రపూర్ జిల్లాలో భూగర్భ బొగ్గు బాయిలో పనిచేస్తాను. మా తమ్ముడు ఆడుతుంటే చూశాను. ఆ ముసుగు, ఆ ఫిల్టరు నిమిషాల లెక్క, ఇదంతా నిజంగా అలాగే ఉంటుందా?
— బల్లార్‌పూర్, మహారాష్ట్ర

మీకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే, అయినా అడిగారు కనుక. ఫిల్టరు గాలిని వడగడుతుంది గాని ప్రాణవాయువును పుట్టించదు, ఈ సంగతి నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ (ప్రమాదంలో ఊపిరి నిలిపే చిన్న పరికరం) కట్టుకుని దిగే మీకు తెలియనిది కాదు. ప్రాణవాయువే తక్కువైన చోట ఎంత మంచి ఫిల్టరైనా అక్కరకు రాదు. ఫిల్టరు ఆయుష్షు కూడా గడియారం ముల్లులా సమంగా కరగదు. గాలిలో విషం ఎంత ఉంది, తేమ ఎంత, మనిషి ఎంత వేగంగా ఊపిరి పీలుస్తున్నాడు అన్నవాటి మీద ఆధారపడుతుంది. ఆటలో పరుగెత్తినా నిలబడినా ముల్లు ఒకేలా తిరగడం ఆట సౌకర్యం కోసమే.

పెద్ద పొరపాటు వేరే ఉంది. అణుబాంబు తరువాత రాలే ధూళిలోని రేడియోధార్మికత మొదట్లో అతి వేగంగా తగ్గుతుంది; కాలం ఏడు రెట్లు గడిచేసరికి తీవ్రత దాదాపు పదో వంతుకు దిగుతుంది. మొదటి గంటతో పోలిస్తే ఏడు గంటలకు పదో వంతు, 49 గంటలకు నూరో వంతు, రెండు వారాలకు వెయ్యో వంతు. ఇరవై ఏళ్ల తరువాత మిగిలేవి ముఖ్యంగా సీసియం, స్ట్రాన్షియం వంటివి, వాటి అర్ధాయుష్షు, అంటే సగానికి తగ్గే కాలం, ముప్పై ఏళ్లకు అటూ ఇటూ. అవి మట్టిలోకీ తిండిలోకీ చేరి బాధిస్తాయి గాని, ముసుగు తీసిన నిమిషంలో ఊపిరాడక పడిపోయేలా చేయవు. గామా కిరణాలను ముసుగు ఎలాగూ ఆపలేదు. ఆటలో స్టేషన్ జనం పుట్టగొడుగులూ పందులూ పెంచుకుని బతకడం మాత్రం నమ్మదగినట్టే ఉంది. మాస్కో మెట్రో 1935లో మొదలైంది. 1941లో జర్మన్లు నగరం మీద బాంబులు వేసినప్పుడు దాని స్టేషన్లలో జనం నిజంగానే తలదాచుకున్నారు. అక్కడి పార్క్ పొబెదీ స్టేషన్ 84 మీటర్ల లోతున ఉంది. మీ బాయి లోతుతో పోల్చి చూసుకుని నవ్వుకుంటారేమో.

ప్రశ్న: మూడవ భాగం ‘ఎక్సోడస్’ నా ల్యాప్‌టాప్‌లో ఆడుతుందా? మొదటి భాగం ఆడకుండా నేరుగా దానిలోకి పోవచ్చా?
— గుణుపురం నుంచి ఒక యువకుడు

2019లో వచ్చిన ఎక్సోడస్‌కు కనీసం 8 జీబీ ర్యామ్, 59 జీబీ ఖాళీ స్థలం, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. 2021లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ రూపం మాత్రం రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి చూపే పద్ధతి) చేయగల కార్డు లేనిదే తెరుచుకోదు. కొనేముందు రెండింటినీ తికమక పడకండి.

నేరుగా దూకవద్దని నా సలహా. ఎక్సోడస్‌లో అర్త్యోమ్ సొరంగాలు వదిలి, అరోరా అనే ఆవిరి ఇంజను రైలులో భార్య ఆన్నాతో, సహచరులతో కలిసి రష్యా అంతా ప్రయాణిస్తాడు. నౌపడ–గుణుపురం చిన్న రైలును ఎరిగిన మీ ఊరి పెద్దలకు ఆ రైలు పెట్టెలలో గిటారు వాయింపులూ, టీ కబుర్లూ చూపిస్తే ముచ్చటపడతారు. వోల్గా తీరం, ఎండిపోయిన కాస్పియన్ సముద్రం, టైగా అడవి: కళ్లు చెదిరే చోట్లు. ఎక్కువ చోట్ల కోరినప్పుడు సేవ్ చేసుకునే వీలూ ఇచ్చారు. కానీ తూటా ద్రవ్యం ఇందులో లేదు. ఇనుప తుక్కూ రసాయనాలూ ఏరుకుని, వీపు సంచి దించి ఫిల్టర్లూ, పనిబల్ల దగ్గర తూటాలూ మనమే తయారు చేసుకోవాలి. కాల్చాలా దాచాలా అన్న ఆ పాత గుంజాటన పోయి, ఏరుకునే పని మిగిలింది.

అంతకంటే పెద్ద చిక్కు అర్త్యోమ్ మౌనం. ఒక భాగానికీ మరొక భాగానికీ మధ్య ఆట లోడ్ అయ్యేటప్పుడు గుక్క తిప్పుకోకుండా తన మనసులో మాట చెప్పే ఈ మనిషి, ఆట మొదలవగానే మూగవాడైపోతాడు. సొరంగంలో ఒంటరిగా తిరిగినప్పుడు అది చెల్లింది. ఇక్కడ భార్య పక్కన కూర్చుని మనసు విప్పుతుంది, రేడియోలో మిత్రులు ‘అర్త్యోమ్, వినిపిస్తోందా’ అని పిలుస్తూనే ఉంటారు, ఈయన ఉలకడు పలకడు. మన ఇళ్లలో అల్లుడు ఇలా కూర్చుంటే అలిగాడనుకుని అత్తగారు బొబ్బట్లు చేయించేది.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. వేసవి సెలవుల్లో ఈ ఆట కొనిపెట్టమని పేచీ పెడుతున్నాడు. ఇవ్వవచ్చా అండీ?
— ఒక తల్లి, జయపురం

వద్దమ్మా. ఐరోపాలో దీనికి 18 ఏళ్లు నిండినవారికే అన్న గుర్తు వేశారు, అది ఊరికే వేసినది కాదు. రక్తపాతం ఒక్కటే అయితే మీరు సినిమాలలో చూడనిది కాదనవచ్చు. రెండవ భాగమైన ‘లాస్ట్ లైట్’లో పిల్లల ఎదుట పెట్టరాని అశ్లీల దృశ్యం కూడా ఉంది. ఇప్పటికే స్నేహితుల ఇంట్లో ఆడేశాడని తెలిస్తే కేకలేయకుండా, సాషాను మోసుకెళ్లి ఇచ్చినప్పుడు ఆ తల్లి ఇవ్వబోయిన తూటాలు తీసుకున్నావా లేదా అని అడిగి చూడండి. మీకు ఈ ఆట తెలుసునని వాడు కంగారు పడతాడు.

ప్రశ్న: తెలుగులో ఉందా?
— మోటు, మల్కన్‌గిరి జిల్లా

లేదు. మాటలు రష్యన్‌లో పెట్టుకుని, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఆడండి. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో అందరూ రష్యన్ యాసను అరువు తెచ్చుకుని మాట్లాడతారు, పది నిమిషాలకు చెవి అలసిపోతుంది. స్టేషన్లలో నలుగురు ఒక్కసారి మాట్లాడుతున్నప్పుడు చదివి అందుకోవడం కష్టమే. అక్కడ కాసేపు గోడకు ఆనుకుని నిలబడండి, తొందరేమీ లేదు, స్టేషన్ లోపల ఫిల్టరు కరగదు.